చెల్లె చేపలు, మా హౌదు నీళ్ళు

మా బాపు నాలుగు రోజులుండి వస్తానని భూపాలపల్లిలో మా చెల్లె ఇంటికి పోయాడు. పోయినవాడు అక్కడే ఉండిపోయాడు. ప్రత్యేక రాష్ట్రం కోసం ఊరూరా సమ్మె నడుస్తోంది, బస్సులు బందయ్యాయి, పట్టాల మీద జనం కూర్చుంటే రైళ్ళూ ఆగిపోయాయి, పాపం ముసలాయన ఎట్ల వస్తాడు అని అందరూ అన్నారు. ఆ మాట నేను ఒక్కనాడూ నమ్మలేదు. రావాలనుకుంటే జనగామకు ఏదో ఒక జీపు దొరకకపోదు. ఆయనకు రావాలని లేదు. అది నాకు ఫోనులో ఆయన గొంతు వింటేనే తెలిసిపోయేది.

మేం ఇద్దరం అక్కచెల్లెళ్ళం, అన్నదమ్ములు లేరు. బాపుకు మహబూబాబాద్‌లో కిరాణా హోల్‌సేల్ దుకాణం ఉండేది. మేం ఆ ఊరిని మానుకోట అనే అంటాం. తెల్లారితే తక్కెడ ముందు నిలబడి, చీకటి పడేదాకా బెల్లం, చింతపండు, పప్పులు తూచిన మనిషి. అమ్మ పోయింది, ఆయన మోకాళ్ళూ పట్టేశాయి, దుకాణం ఎత్తేశాడు. ఇక ఎవరింట్లో ఉంటాడన్న మాట వచ్చినప్పుడు, చెల్లె నోరు తెరిచేలోపే నేను "బాపు నా దగ్గరుంటడు" అనేశాను. పెద్దదాన్ని. నా హక్కు అనుకున్నాను.

జనగామలో మాది సిమెంటు, ఇనుము దుకాణం. కింద దుకాణం, పైన ఇల్లు. బాపును నేను ఎట్ల చూసుకున్నానో మా బజారంతా చెబుతుంది. పొద్దున వేడినీళ్ళు, మెత్తగా కాల్చిన జొన్నరొట్టె, మధ్యాహ్నం ఆయనకొక్కడికే వేరే చారు, వేళకు మందు గోలీలు, రాత్రి కాళ్ళకు నూనె. మంచినీళ్ళ గ్లాసు కూడా ఆయన లేచి తెచ్చుకోవాల్సిన పని లేదు. దుకాణంలో కూర్చుంటానంటే సిమెంటు దుమ్ము పడదని వద్దన్నాను. కూరగాయలకు పోతానంటే మోకాళ్ళు గుర్తుచేశాను. "బాపూ, నువ్వు కూసో, నేనున్న గదా" అనేదాన్ని. ఇంతకంటే ఒక బిడ్డ ఏం చేస్తుంది?

అంత చేస్తే ఆయన పోయి భూపాలపల్లిలో చేపలను చూస్తూ కూర్చున్నాడు.

మా మరిది, అంటే చెల్లె భర్త, బొగ్గుబాయిలో పనిచేస్తాడు. సమ్మెలో బాయి కూడా బందైంది. పొద్దున పోయి దీక్ష టెంటులో కూర్చునేవాడు, మధ్యాహ్నం ఇంటికొచ్చి అద్దాల తొట్టి ముందు కూర్చునేవాడు. ఆ తొట్టిలో పొట్టి సిక్లిడ్లు అనే చేపలు. ఎక్కడో దక్షిణ అమెరికా అడవి వాగుల్లో బతికే జాతి అట. అందరూ తొట్టిలో రంగురాళ్ళు, ప్లాస్టిక్ చెట్లు పెడితే ఇతను ఆ చేపల వాగు ఎట్లుంటుందో అచ్చం అట్లాగే పెట్టాలని పట్టుబట్టాడు. అడుగున సన్న ఇసుక, దాని మీద ఎండుటాకులు, వంకర వేర్లు, దాక్కోవడానికి సగం కొబ్బరిచిప్ప. నీళ్ళు చాయ్ డికాషన్ రంగులో ఉండాలి. బోరు నీళ్ళు పనికిరావు, వాననీళ్ళే కావాలి. వాటి కోసం పెరట్లో ప్లాస్టిక్ డ్రమ్ములు పెట్టాడు.

"వదినే, వాటి నీళ్ళు వాటికి గావాలె. గదే కొట్లాట మనది గూడ" అని ఫోనులో నవ్వాడు మరిది. నాకు నవ్వు రాలేదు. ఆ రోజుల్లో చేపల తొట్టి గురించి కూడా జనం ఉద్యమం భాషలోనే మాట్లాడేవారు.

ఫోను బాపు చేతికి పోతే ఇక వేరే మాటే ఉండేది కాదు.

"బిడ్డా, గీ ఆడ చేపను జూడాలె నువ్వు. బొటనేలంత గూడ లేదు. గుడ్లు వెట్టిన కాడికెల్లి ఒళ్ళంత పసుపు రాసుకున్నట్టయింది. మగది దానికి రెండంతలుంటది, గని చిప్ప దగ్గరికి రానిస్తలేదు. తరిమి తరిమి కొడుతున్నది."

"గోలీ ఏసుకున్నవా బాపూ?"

"ఏసుకున్న, ఏసుకున్న. పిల్లలు బయటికొచ్చినయి బిడ్డా. తల్లి ముందల పోతుంటే గవన్ని దాని ఎనుకనే పోతున్నయి. ఆగుమంటె ఆగుతున్నయి."

ఇంకోనాడు ఇంకో ముచ్చట. ఆ చేపలకు దోమపిల్లలంటే ఇష్టమట. వాటి కోసం బాపు పెరట్లో మట్టికుండలో నీళ్ళు నిలువబెట్టి, దోమలు గుడ్లు పెట్టాక గుడ్డతో వడగట్టి తొట్టిలో వేస్తున్నాడట. కోడిగుడ్డు వాసన వస్తే ఆ వీధిలో అడుగు పెట్టని మనిషి, ఒకరింట్లో పురుగులు పెంచుతున్నాడు. మా ఇంట్లో ఇన్నాళ్ళున్నాడు, పొద్దున రొట్టె ఎట్లుందో కూడా చెప్పేవాడు కాదు.

"బాపు చిక్కిండానే?" అని చెల్లెను అడిగాను.

"లేదక్కా, జర ఒళ్ళొచ్చింది. నువ్వు ఫికర్ వెట్టుకోకు."

ఒళ్ళొచ్చిందట. ఆ మాటకు నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నా మెత్తటి రొట్టెలకు రాని ఒళ్ళు దాని చేతి లావు రొట్టెలకు వచ్చిందా? చిన్నప్పుడు కూడా అంతే. జడలు నేను వేసేదాన్ని, ముద్దులు దానికి. దాని మీద నాకు ప్రేమ లేదని కాదు. కానీ ఆ రోజుల్లో చెల్లె పేరు వింటే నా కడుపులో ఎవరో మిరపకాయలు నూరుతున్నట్టుండేది. దుకాణానికి వచ్చినవాళ్ళు "నాయిన రాలేదా ఇంకా?" అని అడిగితే, నా కళ్ళ ముందే ఎవరో నా సొమ్ము మోసుకుపోతున్నట్టు తోచేది.

సరే, చేపలే కదా నీకు కావలసింది, అనుకున్నాను. చేపలు నా ఇంట్లో కూడా ఉంటాయి. దానికంటే పెద్ద తొట్టి, దానికంటే మంచి వాగు. అప్పుడు ఎక్కడుంటావో చూస్తా.

ఎట్ల పెట్టాలో చెల్లెను అడగలేదు, మరిదిని అడగలేదు. చచ్చినా అడగను. అంతా బాపు దగ్గరే లాగాను. ఇవాళ వేర్ల సంగతి, రేపు ఆకుల సంగతి. పాపం ఆయన నాకు తొట్టి మీద మనసైందని సంబరపడి చెప్పేవాడు.

బస్టాండు దగ్గర ఒక హోటల్ మూసేస్తే వాళ్ళ పెద్ద అద్దాల తొట్టి తెప్పించాను. దుకాణం వెనుక కుప్పలో ఇసుక ఉండనే ఉంది. జల్లెడ పట్టి, బకెట్లకు బకెట్లు నీళ్ళు పోసి, తేట నీళ్ళు కారేదాకా నేనే కడిగాను. అరచేతుల తోలు ఊడొచ్చింది. తుమ్మ వేరు ఒకటి తెచ్చి, అది నీళ్ళలో మునగాలంటే ఉడకబెట్టాలని బాపు చెప్పాడు కాబట్టి, పెళ్ళిళ్ళకు అన్నం వండే గుండిగలో వేసి పొయ్యి మీదెక్కించాను. పక్కింటావిడ గోడ మీద నుంచి తొంగి చూసి "ఏం వండుతున్నవక్కా?" అంది. "కట్టె" అన్నాను. ఆమె మళ్ళీ అడగలేదు.

ఆకుల దగ్గర కూడా నేను తగ్గలేదు. చెల్లె వాళ్ళు క్వార్టర్ల ముందు రాలిన బాదమాకులు వేశారు. గూడూరు దిక్కు తండా నుంచి విస్తళ్ళకు మోదుగాకులు తెచ్చే ఒక అక్క మా బజారుకు వచ్చేది. ఆమెతో అడవి నుంచి ఎండిన మద్దిచెట్టు ఆకులు ఒక గోనెసంచి తెప్పించాను. ఆమె తమ భాషలో పక్కామెతో ఏదో అని నవ్వింది. నవ్వితే నవ్వనీ. మద్దాకు, బాదమాకు ఒక కుటుంబమే అని మా ఆయన ఎవరినో అడిగి తెలుసుకొచ్చాడు.

మిగిలింది నీళ్ళు. జనగామ బోరు నీళ్ళ సంగతి మా ఊరివాళ్ళకు చెప్పనక్కరలేదు. గిన్నెలో కాచితే అడుగున తెల్లగా పొరకడుతుంది. వాన నీళ్ళు పట్టాలి. వానలింకా పోలేదు.

"దాబా మీద రెండు డ్రమ్ములు వెడితె అయిపాయె గదా" అన్నాడు మా ఆయన.

"డ్రమ్ములు వాళ్ళకుండనీయుండ్రి. సిమెంటు దుకాణం వెట్టుకొని మనం ప్లాస్టిక్ డ్రమ్ముల వట్టాల్నా నీళ్ళు? హౌదు కట్టిద్దాం."

మేస్త్రీని పిలిపించి దాబా మీద నీళ్ళు నిలవుండే మంచి సిమెంటు హౌదు కట్టించాను. దుకాణంలో ఉన్నవాటిలో మేలైన సిమెంటు. లోపల అద్దంలా నునుపు చేయించాను. తడిపి తడిపి గట్టిపడ్డాక వాన వచ్చి నిండింది. వంగి చూస్తే నా మొహం కనిపించింది. చెల్లె డ్రమ్ములు గుర్తొచ్చి ఎంత హాయిగా నవ్వుకున్నానో. ఆ నీళ్ళతోనే తొట్టి నింపాను. వేరు, ఆకులు నాని, నీళ్ళు బాపు చెప్పిన డికాషన్ రంగుకు తిరిగాయి.

అప్పుడు ఫోను చేశాను.

"బాపూ, గీడ గూడ చేపల తొట్టి వెట్టిన. చెల్లె దానికన్న పెద్దది."

"అవునా బిడ్డా? నేనొస్త. నేనొచ్చినంక ఇసుక గిట్ల కడుగుదాం, ఆకులు..."

"అంత అయిపోయింది బాపూ. నేనే జేసిన. నువ్వు అచ్చి కూసొని జూసుడే."

"అయిపోయిందా?" అన్నాడు. గొంతు సన్నబడింది. లైను సరిగ్గా లేదనుకున్నాను.

సమ్మె ముగిసి బస్సులు తిరగడం మొదలైంది. బాపు వచ్చాడు. హనుమకొండలో బస్సు మారి, జనం తోపులాటలో ఒళ్ళో ఒక గుడ్డసంచి పెట్టుకుని, దాన్ని రెండు చేతులతో పట్టుకుని వచ్చాడు. సంచిలో ప్లాస్టిక్ కవరు, కవరులో నీళ్ళు, నీళ్ళలో రెండు చేపలు. ఒకటి పెద్దది, నీలి మెరుపు. ఒకటి చిన్నది, పసుపు.

"చెల్లె ఇచ్చింది. అక్కకియ్యి, ఉత్త తొట్టి ఏం జేసుకుంటది అన్నది."

బాపు చెబుతున్న జంట అదే. ఎన్ని ఉన్నా దానికున్న మంచి జంట అదొక్కటే. అది తీసి నాకు పంపింది. సంతోషపడాలి కదా? నాకు ఒళ్ళు మండింది. నేను ఇంత కష్టపడి తొట్టి కడితే, అది ఒక్క కవరు పంపి నన్ను ఓడించింది. ఇవ్వడంలో కూడా అదే ముందు ఉండాలా?

బాపు తొట్టి ముందు నిలబడి చాలాసేపు చూశాడు. "మంచిగ వెట్టినవు" అన్నాడు. ఒక ఆకు కొంచెం పక్కకు జరుపుదామని చెయ్యి లోపల పెట్టబోయాడు.

"చెయ్యి తడుపుకోకు బాపూ, నేను జరుపుత" అన్నాను. చెయ్యి తీసేసుకున్నాడు.

కవరును తొట్టిలో తేలేసి, కొంచెం కొంచెంగా మా నీళ్ళు అందులో కలిపి, చేపలను వదిలాడు. నేను చాయ్ పెట్టడానికి పోయాను. కప్పులతో వచ్చేసరికి బాపు తొట్టికి మొహం ఆనించి ఉన్నాడు.

"బిడ్డా, గిదేందో మంచిగ లేదు."

మగ చేప ఒక మూల నుంచి ఇంకో మూలకు పిచ్చిపట్టినట్టు కొట్టుకుంటోంది. ఆడది పసుపు పోయి బూడిదరంగై, ఇసుక మీద పక్కకు వాలి, నోరు తెరుస్తోంది, మూస్తోంది. ఇక అభిమానం ఎక్కడిది, మరిదికి ఫోను చేశాను.

"నీళ్ళేవి వదినే? బోరువా?"

"కాదు. వాన నీళ్ళే."

"దేంట్ల వట్టిండ్రు?"

"హౌదుల. కొత్తగ కట్టిచ్చినం."

"సిమెంటు హౌదా వదినే? కొత్త సిమెంటుల సున్నం ఉంటది గదా. గది నీళ్ళల్లకు దిగుతది. జల్ది బయటికి తీయుండ్రి."

అది నాకు తెలియని సంగతి కాదు. హౌదు కట్టుకునే ప్రతి గిరాకీకి కౌంటర్ మీద నిలబడి నేనే చెప్పేదాన్ని, నాలుగైదుసార్లు నింపి వదలండి, సున్నం పోయేదాకా ఆ నీళ్ళు తాగకండి అని. తాగకండి అని చెప్పాను. చేపలకూ ఆ మాట వర్తిస్తుందని నా బుర్రకు తట్టలేదు. తట్టేంత తీరిక నాకెక్కడిది, కళ్ళల్లో చెల్లె డ్రమ్ములే ఆడుతుంటే?

అదృష్టం ఒక్కటే, బయట వాన మొదలైంది. నేను చేపలను పట్టడానికి చాయ్ వడగట్టే జాలీ కోసం వంటింట్లోకి పరుగెత్తాను. తిరిగి వచ్చేసరికి బాపు లేడు. పైన చప్పుడవుతోంది. మెట్లెక్కి చూస్తే, ఎన్నేళ్ళుగా నేను దాబా మెట్లు ఎక్కనివ్వని మనిషి, దాబా మీద వానలో నిలబడి ఉన్నాడు. బిందెలు, గంగాళం, పరాతం, చేతికి దొరికినవన్నీ మోసుకుపోయి వరసగా పెడుతున్నాడు. నిండినదాన్ని నిండినట్టు గంగాళంలోకి వంచుతున్నాడు. ధోవతి మోకాళ్ళ దాకా ఎగగట్టాడు.

"బాపూ, జ్వరమొస్తది. నువ్వు లోపలికి పో, కూసో. నేను జేస్త."

ఆయన బిందె కింద పెట్టి నా దిక్కు తిరిగాడు. ఆయన కోపగించుకోవడం నేను ఎన్నడూ చూడలేదు. అప్పుడు కూడా గొంతు పెంచలేదు.

"ఎంతసేపు కూసోవాలె బిడ్డా? ఆడ నన్ను ఎవ్వరు కూసోమనరు. పొద్దుగాల లేస్తె నాకు పనుంటది. నీళ్ళు వడవోయాలె, దోమపిల్లలు వట్టాలె, ఇసుకల పాకురు తీయాలె. అల్లుడు టెంటుకు వోయేటప్పుడు, మామా, తొట్టి నీ మీదుంది అని చెప్పి పోతడు. గీడ నాకేముంది? తినుడు, గోలీ ఏసుకునుడు. నువ్వు తొట్టి వెట్టినవంటె ఇద్దరం కలిసి కడుదాం అనుకున్న. అంత నువ్వే జేసినవు."

వాన మా ఇద్దరి మీదా పడుతోంది. నాకు ఏడుపొచ్చింది. పశ్చాత్తాపంతో కాదు, ముందు ఉక్రోషంతోనే. ఇంత చేసిన నేను చెడ్డదాన్ని, ఏమీ చేయని చెల్లె మంచిది! ఆయనతో దోమపిల్లలు పట్టించింది మంచి బిడ్డ, కాళ్ళకు నూనె రాసిన నేను కాదు! అరిచేదాన్నే. కానీ ఆయన అప్పటికే గంగాళం అంచు పట్టుకుని, "ఆ కొస వట్టు" అన్నాడు. మానుకోట దుకాణంలో హమాలీలతో బస్తా ఎత్తించేటప్పుడు ఉండే గొంతు అది. పట్టాను. ఇద్దరం కలిసి మెట్లు దించాం.

మగది మాకు దక్కలేదు. మేం దిగేసరికే అయిపోయింది. ఆడదాన్ని గంగాళంలో వేశాం. బాపు పక్కన కూర్చుని మొహం తిప్పకుండా చూశాడు. పొద్దుగూకే వేళకు అది లేచి నిటారుగా నిలబడింది. తెల్లవారి లేతగా పసుపు కూడా తిరిగింది.

ఆ మరునాడు మా ఆయన దాబా మీదికి పోయి హౌదు చుట్టూ ఒకసారి తిరిగాడు. "దీన్ని పగలగొట్టిస్త. డ్రమ్ములు తెద్దాం" అన్నాడు.

బాపు గోడ పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. హౌదులో చెయ్యి పెట్టి, వేళ్ళు నాలుకకు తాకించి, ఉమ్మేశాడు.

"పగలగొట్టుడు ఎందుకయ్యా? మంచి కట్టుడు కట్టిండ్రు. పాత చింతపండు ఉంటె పులుసు దీసి రుద్దాలె. నింపాలె, వదలాలె. మళ్ళ రుద్దాలె. కార్తీకమంత జేస్తె నీళ్ళు తియ్యగైతయి. గప్పుడు తొట్టిల ఇసుక గూడ తీసి మళ్ళ కడగాలె. గదంత నేను జూస్త."

నీకెందుకు బాపూ ఈ వయసుల, నువ్వు కూసో. ఆ మాట నా నాలుక మీదికి వచ్చింది. అట్లనే పళ్ళ మధ్య పట్టుకున్నాను. నాకు ఎంత కష్టమైందో నాకే తెలుసు. కిందికి పోయి చింతపండు తీసి ఇచ్చాను. నానబెట్టి కూడా ఇవ్వలేదు.

ఆయన ఆ రోజు మోకాళ్ళ మీద కూర్చుని హౌదు గోడలు రుద్దుతుంటే ఆ చప్పుడు కింద వంటింట్లోకి వినిపించేది. ప్రతిసారీ పైకి పోబోయి ఆగాను. అన్నానికి పిలిస్తే "ఆగు, గీ గోడ అయినంక" అన్నాడు. దిగి వచ్చి రెండు రొట్టెలు తిని, మూడోది అడిగాడు. రొట్టె జర లావుగా చేయమన్నాడు.

సాయంత్రం చెల్లె ఫోను చేసింది. మగ చేప పోయినందుకు ఏమీ అనలేదు, అది దాని గుణం. ఇంకో మగది పంపిస్తానంది. తరువాత మెల్లగా అడిగింది.

"అక్కా, బాపు ఎప్పుడొస్తడు? దసరా ఎల్లినంక గీడికెల్లి వోయినోడు దీపావళికల్ల మళ్ళ వస్తనన్నడు. ఈయన గూడ బాయికి పోతున్నడు గదా ఇగ, తొట్టి జూసెటోళ్ళు లేరు."

పైన కొబ్బరిపీచుతో గోడ గీకుతున్న చప్పుడు ఆగలేదు.

"ఇప్పుడైతె రాడే. పురుసత్ లేదు బాపుకు" అన్నాను. "పనిల ఉన్నడు."

"అట్లనా అక్కా, సరే తియ్" అంది చెల్లె. ఆ మాట వెనుక ఉక్రోషం నాకు వినిపించింది. దాని రుచి నాకు బాగా తెలుసు. అన్ని రోజులు నేను దాన్నే మింగుతూ బతికాను కదా. పాపం అనిపించాలి. అనిపించింది కూడా, ఫోను పెట్టేసిన తరువాత.